అల్లం దంచిన ఆపరేటరు

మా అమ్మాయి మేఘన కోసం కొన్న కొత్త ఫోన్‌ను మొన్న ఆదివారం పెట్టెలోంచి తీశాను. అద్దం మీది పల్చటి పొరను ఒక మూల పట్టుకుని లాగితే చర్రుమంటూ ఊడింది. కొత్త ఫోన్ పొర లాగే హక్కు మా ఇంట్లో ఇంటి పెద్దది. నాకు మిగిలిన హక్కుల్లో అదొకటి. రెండోది ఏమిటో గుర్తు రావడం లేదు. పొర తెగకుండా ఊడిన సంతోషంలో ఫోన్‌ను ఆన్ చేసి కాస్త గట్టిగా పట్టుకున్నట్టున్నాను, పక్కనున్న రెండు వాల్యూమ్ గుండీలూ ఒకేసారి నొక్కుకుపోయాయి. ఫోన్ మాట్లాడటం మొదలుపెట్టింది. తెర మీద ఏముందో ఒక ఆడగొంతు తాపీగా చదువుతోంది. మేఘన ఎక్కడ తాకితే అక్కడిది చదువుతోంది తప్ప ముందుకు కదలడం లేదు. "పెట్టెలోంచి తీయడంలోనే పాడుచేశావా నాన్నా?" అంది మేఘన. "చాంద్రాయణగుట్ట షాపు ఇంకా తెరిచే ఉంటుంది, వెళ్లి చూపిద్దాం," అంది నా భార్య సుధ. పాడవలేదని నాకు తెలుసు. కళ్లు కనిపించనివాళ్ల కోసం ఫోన్‌లో ఉండే ఏర్పాటు అది. ఆ గుండీలే మళ్లీ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆగిపోతుందనీ తెలుసు. అయినా వెంటనే ఆపలేకపోయాను. ఆ గొంతు వింటుంటే అల్లం వాసన వచ్చింది. ఇది నా ముక్కులో లోపం కాదు, దీనికి యాకుత్‌పురాలో ఒక కారణం ఉంది.

మా నాన్నగారు కోస్తా నుంచి ప్రభుత్వ ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి, కొన్నాళ్లే కదా అనుకుని, యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఒక ఇంటి మేడమీది వాటాలో అద్దెకు దిగారు. రిటైరయ్యేదాకా ఆ కొన్నాళ్లు పూర్తి కాలేదు. ఇంటి యజమానురాలు శాంతాబాయి కింది వాటాలో ఉండేది. తరాల నుంచి పాతబస్తీలోనే ఉన్న కుటుంబం వాళ్లది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఊరి నుంచి ఊరికి మాట్లాడాలంటే మధ్యలో ఒక మనిషి తీగ తీసి బోర్డు మీది రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలపాల్సిన రోజుల్లో, ఆ మధ్యలో కూర్చున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకు, "అందరి లైన్లు కలిపేటాల్లకు నా లైన్ ఎంగేజ్ వచ్చింది," అని చెప్పేది. రెండోసారి అడగాలని ఎవరికీ అనిపించేది కాదు.

గల్లీ మొత్తానికి ఫోన్ ఉన్నది ఆమె ఇంట్లోనే. కాబట్టి అందరి చుట్టాలకూ ఆమె నంబరే తెలుసు. ఫోన్ మోగితే ఎత్తి, ఎవరికోసమో కనుక్కుని, కిటికీలోంచి కేకేసేది. "యూసుఫ్ భాయ్, ఫోన్," అంతే. దుబాయి నుంచా, ఊళ్లోనే ఉన్న దారుస్సలాం నుంచా, ఆ వివరం కేకలో ఉండేది కాదు. పిలిచిన మనిషి వచ్చి రిసీవర్ అందుకోగానే ఆమె వంటింట్లోకి వెళ్లి రోట్లో అల్లం, ఆమె ఎల్లిగడ్డ అనే వెల్లుల్లి వేసి దంచడం మొదలుపెట్టేది. మాట్లాడటం అయ్యేదాకా దంచేది. వంటింట్లో ఆమె ఏమీ వినడం లేదని ఫోన్ దగ్గర ఉన్నవాళ్లకు తెలియడానికి ఆ చప్పుడు. పండగ రోజుల్లో ఫోన్లు ఎక్కువగా వచ్చేవి, ఆ వారం గల్లీలో అందరిళ్లకూ నూరిన అల్లం గిన్నెల్లో వచ్చేది. మా అమ్మ మా వైపు పద్ధతిలో పెట్టే పులుసుల్లో అల్లం పడదు. అయినా తీసుకునేది.

డిగ్రీ చదివే రోజుల్లో నాకూ ఆ ఫోన్‌కు కాల్స్ రావడం మొదలయ్యాయి. చేసేది సుధ. అప్పటికింకా నా భార్య కాదు, ఆ సంగతి మా ఇంట్లో తెలియదు. తెలిస్తే ఏమవుతుందో ఊహించే ధైర్యం నాకు లేదు, చదువు మీద శ్రద్ధ ఉందన్న పేరు ఒకటి అప్పటికి నాకు ఉండేది. కిందనుంచి కేక వచ్చేది, "రఘూ, ఫోన్." నేను దిగేసరికి వంటింట్లో రోలు మోగుతుండేది. ఒకరోజు నేను రిసీవర్ పెట్టేసి మెట్లెక్కుతుంటే మా అమ్మ మధ్యలోనే ఆపి, కిందికి వంగి అడిగేసింది. "శాంతాబాయి గారూ, రోజూ మా వాడికి ఫోన్ చేసేదెవరండీ?"

పెద్దమ్మ రోకలి ఆపకుండానే జవాబిచ్చింది. "చేసినోల్లకు ఎరుక, ఎత్తినోల్లకు ఎరుక వదినె. నేను నడిమిట్ల తీగను. తీగనడిగితే ఏం జెప్తది?"

మా అమ్మకు ఆ జవాబు నచ్చలేదు, కానీ అందులో పట్టుకోవడానికి కొస దొరకలేదు. ఆ తర్వాత నేను పెద్దమ్మకు కృతజ్ఞతలు చెప్పబోయాను. ఆమె మధ్యలోనే ఆపేసింది. "నీ కోసం అబద్ధమాడలే నేను. ఎక్స్ఛేంజిల మొదటి దినం నేర్పిచ్చేది గదొక్కటే. కలపాలె, 'మాట్లాడండి' అనాలె, లైన్ దిగాలె. దిగకుండ చెవి పెట్టి కూసున్న ఆపరేటరు దొంగకంటె అధ్వానం."

లైన్ దిగడమనే మాట నేను వినడం అదే మొదటిసారి. గొప్ప విషయంగా ఏమీ అనిపించలేదు, ఉద్యోగంలో ఉన్న ఏదో నియమం అనుకున్నాను.

ఆ నియమం ఎంత దూరం వెళ్తుందో చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి నాకూ సుధకూ పెళ్లయింది, మా నాన్నగారి తర్వాత మేడ మీది వాటా నా చేతికి వచ్చింది, గల్లీలో ప్రతివాడి జేబులోనూ ఫోన్ ఉంది. కిటికీ కేకలు ఆగిపోయాయి. పెద్దమ్మ రిటైరై, నంబర్లు గుండీలుండే చిన్న ఫోన్‌తో కాలం గడుపుతోంది. ఆ ఫోన్‌తో ఆమె చేసే ముఖ్యమైన కాల్ ఒక్కటే. దబీర్‌పురాలో ఉండే జైనబ్ ఆపాకు, రోజూ పొద్దున. ఆపా అంటే అక్క. జైనబ్ ఆపా ఎక్స్ఛేంజిలో పెద్దమ్మకు పని నేర్పిన మనిషి, తర్వాత రిటైరయ్యేదాకా పక్క కుర్చీ. తుంటి విరిగి మంచం పట్టింది, కొడుకూ కోడలూ మంచివాళ్లే, పనుల మీద పొద్దున్నే వెళ్లిపోతారు. ఆ కాల్ ఎంతసేపు సాగేదో తెలుసు గానీ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. మధ్యమధ్య కింది నుంచి నవ్వు వినిపించేది. డెబ్బై దాటిన మనిషి నవ్వులా ఉండేది కాదది.

గుండీల ఫోన్ పాతబడి అక్షరాలు అరిగిపోతే, నేనే ఆమెకు స్మార్ట్‌ఫోన్ కొనిపించాను. ఆమెకు చూపు మందగిస్తోందని తెలిసి, నా తెలివంతా దానిమీద పెట్టాను. చింతకాయలంత అక్షరాలు, జైనబ్ ఆపా ఫోటో, వెనక నరసింహస్వామి బొమ్మ. తెర తెరుచుకోవడానికి పెద్దమ్మ వేలిముద్ర పెట్టి, దాంతోపాటు నా వేలిముద్ర కూడా పెట్టాను. ఆమె దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మస్తుగుంది," అంది. "గని స్వామి ముక్కు మీద కెమెరా పెట్టినవ్. కంటి మీద గడియారం పెట్టినవ్. ఆయన ఏం జూస్తడు పాపం."

"మారుస్తా పెద్దమ్మా."

"నీ వేలు నా ఫోన్ల ఎందుకు బిడ్డా?"

"అవసరానికి ఉంటదని పెట్టిన." కిందికి దిగితే నా భాష కూడా ఆమె దారిలోకి వచ్చేసేది.

"ఎవరి అవసరానికి?"

నా వేలు తీసేశాను. అది తీయడం పెట్టడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది, ఫోన్ మూడుసార్లు నిజంగానేనా అని అడిగింది.

కొన్ని నెలల తర్వాత కంటి డాక్టరు అసలు సంగతి చెప్పాడు. నీటికాసులు, అంటే గ్లాకోమా. ఉన్న చూపును కొన్నాళ్లు పట్టి ఉంచగలం, పోయినది రాదు, చివరికి అంతా పోతుంది. ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చి, పెద్దమ్మ ఇంటి గుమ్మం ముందు దిగాక అంది, "రఘూ, చీకటైతే బువ్వ తింట, నడుస్త, పండుకుంట. గవ్విటికి ఫికర్ లేదు. గని ఫోన్? జైనబ్ ఆపాకు నేనే కలుపుకోవాలె. ఎవరో కలిపిస్తే ఎవరో వింటరు. ఆమెకు నాతోని చెప్పుకునే మాటలుంటయి, గవి మూడో మనిషి చెవుల పడితే ఆమె చెప్పుడే బంద్ చేస్తది. మంచం మీద ఉన్న మనిషికి గా ఒక్క మాటే మిగిలింది."

నేను వెంటనే పరిష్కారం చెప్పాను. చదువుకున్నవాళ్ల దగ్గర పరిష్కారం ఎప్పుడూ పైనే ఉంటుంది. "వేలే అక్కర్లేదు పెద్దమ్మా. 'జైనబ్‌కు ఫోన్ కలుపు' అని నోటితో అంటే కలుపుతది."

"గట్టిగ అనాల్నా?"

"దానికి వినబడేటట్టు అనాలె."

"అంటే కూరగాయల బండాయనకు గూడ వినబడేటట్టు. నేను ఎవ్వరికి ఫోన్ చేస్తున్ననో ముందు గల్లీకి తెల్వాలె, తర్వాత ఫోన్‌కు తెల్వాలె. నక్కో రఘూ. ఇంకోటి చూడు."

ఇంకోటి అదే, తెరను చదివి వినిపించే ఏర్పాటు. ఆమె వరండాలో కూర్చుని దాన్ని మొదటిసారి నేనే మొదలుపెట్టాను. ఒకసారి తాకితే అక్కడున్న దాని పేరు చెబుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తాకితే తెరుస్తుంది. చెప్పడానికి అంతే. నా వేలికి మాత్రం ఆ సంగతి ఎంత చెప్పినా ఎక్కలేదు. పక్కకు లాగితే కదలదు, తాకితే చదువుతుంది, ఆపుదామంటే ఆపే చోటుకి వెళ్లనివ్వదు. గడియారం, కెమెరా, కెమెరా, గడియారం అంటూ అది తిరుగుతుంటే నేను చెమటలు కక్కుతున్నాను. పెద్దమ్మ చాలాసేపు విని, "ఏందిరా, నిన్ను తిడుతున్నదా?" అంది. తర్వాత ఫోన్ తీసుకుంది. చీర కొంగు మడిచి, ఆ మిగిలిన కొంచెం చూపు కూడా అడ్డం రాకుండా, కళ్లకు కట్టుకుంది.

"ఇప్పుడే ఎందుకు పెద్దమ్మా, ఇంకా కనిపిస్తుంది కదా," అన్నాను. కంగారులో నా భాష మేడ మీదికి వెళ్లిపోయింది.

"కనబడ్డన్ని రోజులు చెయ్యికి బద్ధకం. నేను కొలువుల చేరినప్పుడు జైనబ్ ఆపా తన ఓణీ తీసి నా కండ్లకు గట్టింది. బోర్డు ముందల కూసోబెట్టి, అక్కడ గుచ్చు, ఇక్కడ గుచ్చు అని ఒకటే లొల్లి. ఏడ్చిన నేను. ఏడిస్తే ఓణీ తడుస్తది తప్ప చెయ్యి నేర్వదు అన్నది."

ఆ తర్వాత రోజూ పట్టపగలు, కింది వరండాలో కళ్లకు కొంగు కట్టుకుని ఒక ముసలావిడ అరచేతిలోని అద్దాన్ని తడుముతూ కూర్చునేది. గల్లీలో పోయేవాళ్లు ఆగి అడిగేవారు, క్యా హోరా బాయీ అని. దాగుడుమూతలు అని చెప్పేది. నేను పెట్టిన అలంకారాలన్నీ ఒక్కొక్కటే తీయించింది. స్వామిని దేవుడి గదికి పంపింది. తెర మీద నాలుగు మూలల్లో నాలుగే ఉంచమంది, ఎందుకంటే మూల అయితే ఫోన్ అంచే వేలికి దారి చెబుతుంది. కింద ఎడమ మూల జైనబ్ ఆపాకు. బొటనవేలు దానంతటదే వెళ్లి ఆనే చోటు అది. చెవిలో ఒకవైపే ఇయర్‌ఫోన్ పెట్టుకునేది, ఎక్స్ఛేంజిలో పెట్టుకున్నట్టు. ఇక ఫోన్ ఏం చదువుతోందో మాకెవరికీ వినపడేది కాదు. చివరికి తెర వెలుగు కూడా ఆపేయమంది. "నాకు అక్కర లేదు. పక్కన కూసున్నోల్లు చదువుకునుడు తప్ప దాంతోని ఏం పని?" నేను మూడు షాపులు తిరిగి, తెర బాగా మెరిసే ఫోన్ ఏరికోరి కొనిపించాను. అది మూసిన పలకలా నల్లగా ఆమె చేతిలో ఉంది.

డాక్టరు చెప్పిన చీకటి వచ్చింది. వచ్చిన రోజు ఏదో నాకు తెలియదు, ఎందుకంటే పొద్దున కాల్ ఆగలేదు. కింద నవ్వు వినబడుతూనే ఉంది. ఒకరోజు ఆమె ఇచ్చిన టీ గ్లాసు అందుకుంటుంటే, నా చెయ్యి లేని చోట అందించింది. అప్పుడు తెలిసింది.

ఆ ఫోన్ నీళ్లొచ్చే రోజు బకెట్లో పడింది. పాతబస్తీలో నీళ్లొచ్చే రోజు మనిషి పడినా ఎవరూ వెంటనే చూడరు, నల్లా ఆగాక చూస్తారు. ఇది నల్లా ఆగాక తేలలేదు కూడా. కొత్తది కొనుక్కొచ్చాను, పైకి తీసుకెళ్లి అంతా సిద్ధం చేసి ఇస్తానన్నాను. ఆమె చెయ్యి చాపింది. "పెట్టె ఇటియ్యి. నువ్వు గా మూలకు కూసో. ముట్టకు."

మధ్యాహ్నం జుహర్ నమాజు పిలుపు అప్పుడే అయింది. పొర ఆమే లాగింది, నెమ్మదిగా, ఒకటే పట్టున. సిమ్ తీసే చిన్న పుల్ల ఎక్కడో పడిపోయింది. నేను నేలమీద వంగి వెతుకుతుంటే, ఆమె గాజులకున్న పిన్నీసు ఒకటి విప్పి, గోరుతో అంచు వెంట పోయి రంధ్రం పట్టుకుని గుచ్చింది. ఫోన్ ఆన్ చేసి, రెండు వాల్యూమ్ గుండీలూ కలిపి నొక్కి పట్టుకుంది. ఫోన్ మాట్లాడింది. ఇయర్‌ఫోన్ తగిలించగానే నాకు వినబడటం ఆగిపోయింది. మొదట తెర వెలుగు ఆపేసింది. తర్వాత జరిగినదంతా నేను ఒక నల్లటి అద్దం మీద ఒక వేలు తిరగడంగానే చూశాను. భాష ఎంచుకోవడం, వైఫై, సంకేతపదం, ఒక్కో అక్షరం విని, తప్పయితే తుడిచి, మళ్లీ విని. ఎక్కడా తొందర లేదు. ఒకచోట చాలాసేపు ఆగిపోయింది. నా చెయ్యి లేవబోయింది. "కూసో," అంది, నేను కదిలానని ఎలా తెలిసిందో. నాలుగు మూలలూ పేర్చింది, ఒక్కో దాన్ని రెండోసారి తాకి, వేలు తీయకుండా అంటించుకుని, అంచు దాకా లాక్కెళ్లి వదులుతూ. ఆ చెయ్యి నేను చూడని ఒక పెద్ద బోర్డు ముందు కదులుతున్నట్టు అనిపించింది. పడుచు చెయ్యి, కళ్లకు ఓణీ కట్టి ఉన్న మనిషిది. నేను జోకులు చెప్పి బతికే మనిషిని, ఆ మధ్యాహ్నం ఒక్కటి కూడా తట్టలేదు.

జైనబ్ ఆపా నంబరు ఎక్కడా చూడకుండా కొట్టి దాచింది. ఎడమ మూలకు చేర్చింది. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడుతుండగా బొటనవేలు ఆ మూల ఆన్చి, రెండుసార్లు తాకింది. అవతల మోగుతున్నట్టుంది, ఆమె ముఖం తేటపడింది. నా వైపు తిరిగింది.

"కలిసింది. ఇగ లైన్ దిగు బిడ్డా."

లేచి, తలుపు కర్టెన్ పక్కకు తీసి, గల్లీలోకి వచ్చి నిలబడ్డాను. నా జీవితంలో నేను ఇంత గౌరవంగా ఒక గదిలోంచి బయటికి పంపబడటం అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

జైనబ్ ఆపా ముందు వెళ్లిపోయింది. దబీర్‌పురా నుంచి వాళ్లబ్బాయి వచ్చి చెప్పాడు, పెద్దమ్మను నేనే తీసుకెళ్లి తీసుకొచ్చాను. కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున కిందికి దిగేసరికి ఆమె వరండాలో ఫోన్ పట్టుకుని ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్ లేదు. ఇక లైన్‌లో ఎవరూ లేరు కాబట్టి దాచాల్సిందీ లేదనుకుని ఉంటుంది. బొటనవేలు ఎడమ మూలకు వెళ్లింది. ఫోన్ "జైనబ్" అంది. ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తాకితే కలుపుతుంది. ఆమె ఒక్కసారే తాకింది. కాసేపాగి మళ్లీ ఒకసారి. నేను చప్పుడు కాకుండా వెనక్కి మెట్లెక్కాను. ఆ మూలను ఆమె చివరిదాకా వేరే ఎవరికీ ఇవ్వలేదు. నిరుడు ఆమె కూడా పోయింది. అన్నేళ్లు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలియకుండా ఉంచడానికి ఎంత పనితనం కావాలో మాత్రం తెలుసు.

మొన్న ఆదివారం రెండు గుండీలూ నొక్కి ఆ గొంతును ఆపాను. మిగతాది మేఘన చకచకా చేసుకుంది. తెర మీద సముద్రం, కెమెరా ముందు వరసలో, జైనబ్ మూలలో ఏదో ఆట. వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి సుధ అంది, "మీ వేలు కూడా పెట్టండి. షాపు అబ్బాయి కూడా అదే చెప్పాడు, ఆడపిల్ల హాస్టల్‌కి వెళ్తోంది కదా."

"ఒక వేలు చాలు," అన్నాను.

"ఏదైనా అవసరమొస్తే?"

"ఎవరి అవసరం?"

సుధ నన్ను వింతగా చూసింది. మేఘన కూడా చూసింది, వేరే రకంగా. అది తన వేలొక్కటే పెట్టుకుంది. ఇంతలో ఫోన్ మోగింది, దాని మొదటి కాల్. మేఘన తెర వైపు చూసి, మా ఇద్దరి వైపు చూసి, ఎత్తడానికి తటపటాయించింది. నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. గట్టు కింద ఉన్న చిన్న రోలు పైకి తీసి, అల్లం ముక్కలు వేసి దంచడం మొదలుపెట్టాను. గదిలోంచి మేఘన గొంతు మెల్లగా మొదలై, రోటి చప్పుడుకు మునిగిపోయింది.

సుధ వెనకే వచ్చింది. "నూరిన అల్లం ఫ్రిజ్‌లో ఉందిగా," అంది.

"తెలుసు," అన్నాను.

సుధ గుమ్మంలోనే ఆగి కాసేపు ఆ చప్పుడు విన్నది. ఒకప్పుడు యాకుత్‌పురా నంబరుకు ఫోన్ చేసి, నా మాటల వెనక రోజూ అదే విన్న మనిషి. తర్వాత వచ్చి, గుప్పెడు వెల్లుల్లి రెబ్బలు కూడా రోట్లో వేసింది.